ఎక్కడికని అడగని బస్సు

టీవీలో పనిచేశానంటే జనం ముందుగా నా మొహం వంక చూస్తారు, ఎక్కడైనా చూశామా అని. చూసి ఉండరు. పిల్లల కార్యక్రమం ఒకదాని కోసం విశాఖపట్నమంతా ఏళ్ళ తరబడి తిరిగాను గానీ కెమెరా ముందుకు వెళ్ళింది నా కుడిచెయ్యి ఒక్కటే. అదీ ఒక గుడ్డ కాకి లోపల దూరి వెళ్ళింది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

ఈ మధ్య ఇదే పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలిద్దరు మా ఇంటికొచ్చి, "మీ అనుభవాలు రాసివ్వండి మేడమ్" అన్నారు. ఎన్ని సెంటర్లు తెరిచాం, ఎవరెవరు మెచ్చుకున్నారు అనేవి ఆఫీసు రిపోర్టుల్లో ఉంటాయి, అవసరమైతే వెతుక్కోండి. రిపోర్టుల్లో లేనిదే ఇక్కడ రాస్తున్నాను.

నా ఉద్యోగానికి కాగితం మీద చాలా పొడుగు పేరుండేది. అసలు పని మాత్రం ఇది: హైదరాబాదులో తీసిన కార్యక్రమాన్ని మా ఊరి పిల్లలు చూసేలా చెయ్యడం. అందుకు టీవీ ఇచ్చేవాడొకడు కావాలి, గది ఇచ్చేవాడొకడు కావాలి, పిల్లల్ని కూర్చోబెట్టి చూసినదాని గురించి మాట్లాడించే మనిషి కావాలి. ఈ ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూడనివాళ్ళై ఉంటారు. ముగ్గుర్నీ కలపడం నా పని. మా నాన్న భాషలో చెప్పాలంటే దళారీ పని.

నాన్నది పూర్ణా మార్కెట్లో పప్పుల కొట్టు. నేను అక్షరాలు నేర్చుకున్నది బళ్ళో, మనుషుల్ని నేర్చుకున్నది ఆ గల్లా పక్కన. "కొనేవాడు రెండు మాటలాడితే బేరం ఉన్నట్టు. ఒక్క మాటా ఆడకుండా అలాగే అన్నాడంటే, వాడు కొనడు" అనేవాడు నాన్న. ఈ మాట గుర్తు పెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

ఉచితంగా ఇచ్చేదాన్ని అమ్మడం

డబ్బుకి అమ్మేది ఎంతైనా అమ్మొచ్చు. ఉచితంగా ఇచ్చేదాన్ని అమ్మడం ఎంత కష్టమో ఈ ఉద్యోగంలో చేరాక తెలిసింది. ఊరికే ఇస్తామంటే జనం ముందు అనుమానిస్తారు, ఆ తర్వాత తీసుకుంటారు, తీసుకుని మూల పడేస్తారు.

మా కార్యక్రమం పేరు 'చుక్కల బస్సు'. ప్రభుత్వ చానల్లో సాయంత్రం పూట వచ్చేది. ఒక రంగురంగుల బస్సు, దానికి కండక్టరుగా కాకయ్య అనే కాకి బొమ్మ. బస్సు ఆగగానే కాకయ్య కిటికీలోంచి మెడ బయటికి పెట్టి, "ఎక్కడికి? ఎక్కడికి? ఎక్కడికి బయల్దేరారు?" అని రాగం తీసేవాడు. అంకెల సంతకి అనో, అక్షరాల ఊరికి అనో ఒక పిల్ల చెప్పి ఎక్కేది. అక్కడినుంచి కథ. మూడు వారాలు తిరక్కుండానే ఊళ్ళో పిల్లలంతా ఆ రాగమే. స్టీలు ప్లాంటు క్వార్టర్సులో గోదావరి జిల్లా తల్లులు కొందరు, "బాగానే ఉందండీ, దీనికి మార్కులుంటాయా?" అని అడిగేవారు. లేవంటే వాళ్ళ ఉత్సాహం సగానికి తగ్గేది. పిల్లలకి ఏ మార్కులూ అక్కర్లేదు, వాళ్ళు బస్సెక్కేశారు.

వన్‌టౌన్‌లో కేబుల్ అప్పారావు ఉండేవాడు. మేడ మీద డిష్షులు, కింద గదిలో వీసీఆర్లు, గోడకి తగిలించిన పెళ్ళి కెమెరా. సొంత చానల్లో పగలల్లా సినిమాలు వేసేవాడు. మా కార్యక్రమాన్ని రికార్డు చేసి ఆదివారం మళ్ళీ వెయ్యమని అడగడానికి వెళ్ళాను.

"నాకేటి లాభం మేడమ్?"

"పిల్లలకి చదువొస్తుందయ్యా."

"అది ఆలకి లాభం. నాకేటని అడుగుతన్నాను."

డబ్బిచ్చే అధికారం నాకు లేదు, ఉన్నా ఇచ్చేదాన్ని కాదు. నాన్న కొట్లో కొసరు పెట్టే పద్ధతి గుర్తొచ్చింది. తూకం సరిగ్గా వేశాక చివర్లో గుప్పెడు పప్పు పైన పోస్తాం. జనం తూకం మర్చిపోతారు గానీ ఆ గుప్పెడు మర్చిపోరు.

"బస్సు కార్యక్రమం అయ్యాక పుట్టినరోజు పిల్లల ఫొటోలు వెయ్యి. కాకయ్య ఫలానా పాపకి శుభాకాంక్షలు చెబుతున్నాడు అని కింద రాయి. కనెక్షన్ లేనివాళ్ళు కూడా కనెక్షన్ పెట్టించుకుంటారు" అన్నాను.

అప్పారావు ఒక్క క్షణం డిష్షు వంక చూశాడు. "మేడమ్, మీరు గానీ కేబుల్లోకి వచ్చుంటే మాం అడుక్కు తిందుం" అన్నాడు. ఆ ఆదివారమే మొదలుపెట్టాడు.

టీవీ, గది, బడి

ఫిషింగ్ హార్బరు పక్క పేటలో నూకరత్నం అనే అమ్మాయి ఉండేది. పదో తరగతి దాకా చదివింది. తల్లులు చేపల తట్టలతో బజారుకి పోతే, వాళ్ళ పిల్లల్ని ఒక అరుగు మీద కూర్చోబెట్టుకుని పాటలూ అంకెలూ చెప్పేది. ఎవరూ చెప్పమనలేదు, ఎవరూ జీతమివ్వలేదు. తల్లులు సాయంత్రం చేపో రొయ్యో ఇచ్చేవారు. వానొస్తే బడి లేదు, ఎండ ముదిరితే బడి లేదు.

జెట్టీకి పోయే దారిలో బోట్ల సంఘం వాళ్ళది ఒక గది ఉంది, వలలు పడేసుకునేది. నూకరత్నం ఎన్నిసార్లు అడిగినా ఇవ్వలేదు. నేను రంగంలోకి దిగాను. ఒక కంపెనీ టీవీ ఇస్తానంది, పిల్లలు 'చుక్కల బస్సు' చూసేటట్టయితేనే. సంఘం పెద్దలు గది ఇస్తామన్నారు, టీవీ అందులో ఉన్నంతకాలమే. పిల్లలు పోయాక క్రికెట్టు చూసుకోవచ్చని వాళ్ళ లెక్క. నూకరత్నానికి తలమీద కప్పు దొరికింది. మూడు కాళ్ళ పీట చక్కగా నిలబడిందని నా భుజం నేనే తట్టుకున్నాను.

నూకరత్నం మాత్రం గది తాళం అందుకుంటూ, "మూడు కాళ్ళంటే ఒకటిరిగినా పడిపోద్ది కదండీ" అంది. టీవీ పోతే గది పోతుంది, గది పోతే బడి మళ్ళీ అరుగు మీదకి. ఆ మాటకి నేను నవ్వి ఊరుకున్నాను.

కొన్ని వారాల తర్వాత వెళ్తే టీవీ మీద దుప్పటి కప్పి ఉంది. పిల్లలున్నారు, నూకరత్నం ఉంది, టీవీ ప్లగ్గు మాత్రం చుట్టి పైన పెట్టేశారు.

"కరెంటు లేదా?"

"ఉందండి."

"కేబుల్ రావట్లేదా?"

"వత్తందండి."

"మరి?"

"ఎట్టేత్తామండి" అంది, నా వైపు చూడకుండా.

పిల్లల్ని అడిగాను, బస్సు రంగేమిటని. అందరూ చెప్పారు. డ్రైవరు పేరేమిటని అడిగితే అదీ చెప్పారు. కాకయ్య ఏమంటాడు అన్నాను. ఒక చిన్నది నోరు తెరవబోతే, పక్కనున్న అక్క దాని నోటికి చెయ్యడ్డం పెట్టింది.

నాకు తిక్కపుట్టింది, కానీ అంతకంటే ఎక్కువ కుతూహలం పుట్టింది. కార్యక్రమం నచ్చకపోతే పిల్లలకి ఇంత గుర్తుండదు. నచ్చితే దుప్పటి ఎందుకు? వోల్టేజీ సమస్యేమోనని స్టెబిలైజరు పట్టుకెళ్ళాను. అలాగేనండి అన్నారు. చాపలు తీసుకెళ్ళాను, అలాగేనండి. సంఘం పెద్దలతో మాట్లాడితే వాళ్ళదీ అదే మాట. నాన్న చెప్పిన ఒక్క మాటా ఆడని కొనుగోలుదార్లు, పేట నిండా వాళ్ళే. నేనేమో బేరం కుదిరిందనుకుంటూ ఇంటికొస్తున్నాను.

ఇంతలో హైదరాబాదు నుంచి మా డైరెక్టరు ప్రభాకరంగారు ఫోను చేశారు. టీవీ ఇచ్చిన కంపెనీ ఆఫీసరు వచ్చి చూస్తాడట. పిల్లలు చూడటం లేదని తేలితే టీవీ తీసి వేరే సెంటరుకి ఇచ్చేస్తారట. నూకరత్నానికి చెప్పాను. ఆమె గది మూలన వలలుండే చోట పిల్లలు సుద్దతో గీసిన బొమ్మల్ని చూస్తూ నిలబడింది.

పోలయ్య ఐసు దింపేశాడు

ఆ మధ్యాహ్నం గది బయట నిలబడి ఉన్నాను. పోలయ్య వస్తున్నాడు. పేటలో మంచి పేరున్న బోటు డ్రైవరు. నెత్తిన ఐసు తట్ట, వెనకాల ఇద్దరు కుర్రాళ్ళు డీజిల్ క్యాన్లతో. పలకరింపుగా, మనిషన్నవాడెవడైనా అడిగే మాట అడిగాను.

"ఎక్కడికి బాబూ, ఇంత ఐసు?"

పోలయ్య ఆగిపోయాడు. తట్ట కిందికి దింపాడు. వెనకాల కుర్రాళ్ళు క్యాన్లు దించేశారు. "ఐపోనాది. ఇయ్యాల ఎల్లినట్టే" అన్నాడు పోలయ్య, నన్ను కాదు, సముద్రాన్ని చూస్తూ. మా గది అరుగు మీద కూలబడ్డాడు.

నూకరత్నం పరుగెత్తుకొచ్చింది. "ఓలమ్మో! ఏటమ్మా, అలగడిగీసినారు?"

"ఏమడిగాను?"

"అదే... ఆ మాట."

"ఏ మాట?"

"మీ కాకి మాట!"

అప్పటికి నాకు వెలిగింది. వెలిగాక సిగ్గూ వేసింది, ఎందుకంటే నాకిది తెలియని సంగతి కాదు. నాన్న సరుకు కొనడానికి బయల్దేరుతుంటే ఎవరైనా ఎక్కడికండీ అన్నారంటే, వెనక్కొచ్చి కూర్చుని, మంచినీళ్ళు తాగి, మళ్ళీ చెప్పులేసుకునేవాడు. మా అమ్మ అయితే ఆ అడిగినవాళ్ళని వారం రోజులు తిట్టేది. మా ఇంట్లో తలుపు దాటేవాళ్ళని "దూరమా?" అని అడిగేవాళ్ళం గానీ ఎక్కడికి అని ఎవరూ అడగలేదు. అలాంటి ఇంట్లో పెరిగి, ఆ మాటనే రాగం తీసి పాడే కార్యక్రమాన్ని సముద్రానికి పోయే దారిలో పెట్టాను. పైగా అడిగేది కాకి!

పోలయ్యకి మంచినీళ్ళిచ్చాం. ఆయన తాగి, నెమ్మదిగా మొదలుపెట్టాడు.

"టీవీ వచ్చిన కాడినుంచీ ఇదే తంతు తల్లీ. మాం బోటుకి బయల్దేరే టయానికే మీ బస్సు వత్తాది. గుంటలంతా కిటికీలో నిలబడి ఒకటే అరుపు. నా సిన్న గుంట కూడా, నాన్నా ఎక్కడికి, నాన్నా ఎక్కడికి అంటాది. దాన్ని కొట్టడానికి మనసొప్పదు. ఎల్లడానికీ మనసొప్పదు. ఒకడాగితే బోటంతా ఆగుతాది. అందుకే దుప్పటి కప్పీసినాం."

"నాతో ఒక్క మాట చెప్పకూడదా?"

నూకరత్నం అందుకుంది. "సెప్తే మీరు నవ్వరేటి? సదువుకున్నోళ్ళు. ఈళ్ళకి ఇంకా ఈ పిచ్చి పోలేదు అని హైదరాబాదులో సెప్పుకోరేటి?"

చెప్పుకుని ఉండేవాళ్ళమే. అలవాటు చొప్పున బేరానికి దిగాను. "పోలయ్యా, ఒకవేళ అడిగారే అనుకో. చెబితే ఏం పోతుంది?"

"ఏటని సెప్పాలి తల్లీ? సేప ఎక్కడుంటే అక్కడికి. సేప ఎక్కడుందో తెలిస్తే నాను ఈ ఐసు మోత్తానా, కుర్సీలో కూకుని మీలాగ టీవీ ఎట్టుకుందును కాదేటి?"

కుర్రాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. సాయంత్రం పోటుకి వాళ్ళు మళ్ళీ బయల్దేరారు. గది తలుపేసుకుని లోపలే కూర్చున్నాను, నోరు జారుతుందేమోనని.

ప్రభాకరంగారితో బేరం

మా డైరెక్టరు మంచివాడు. పిల్లలంటే ప్రాణం. ఆ కాకిని తన పాత కోటు గుడ్డతో తనే కుట్టించాడు. అలాంటివాళ్ళతోనే బేరం కష్టం. లాభం చూసుకునేవాడు దిగొస్తాడు, ప్రేమ ఉన్నవాడు దిగడు.

ఎస్టీడీ బూత్ నుంచి సంగతంతా చెప్పాను.

"సత్యవతీ, మనం పిల్లలకి శాస్త్రీయంగా ఆలోచించడం నేర్పాలా, మూఢనమ్మకాలకి మడుగులొత్తాలా? ఇవాళ వాళ్ళెవరో ఎక్కడికి అనొద్దన్నారు. రేపింకొకరు మన కాకి తుమ్మకూడదంటారు."

"తుమ్మడం కూడా లేకపోతే మంచిదేనండి."

"హాస్యం కాదు. బస్సెక్కినవాణ్ణి కండక్టరు ఎక్కడికని అడగడా? మీ ఊళ్ళో జాలరివాళ్ళు బస్సులెక్కరా?"

ఇదే ప్రశ్న మర్నాడు నూకరత్నాన్నే అడిగాను. ఆమె నన్ను జాలిగా చూసింది.

"మాం ఎక్కగానే కండక్టరు నోరు తెరవకముందే ఊరు పేరు సెప్పీసి డబ్బులు సేతిలో ఎట్టేత్తాం. ఇన్నాళ్ళూ బస్సుల్లో తిరిగేరు, సూడలేదేటి?"

చూడలేదు. తట్టతో ఎక్కగానే గట్టిగా అరిచే ఆ ఆడవాళ్ళని చూసి, వీళ్ళకి తొందరెక్కువ అనుకునేదాన్ని.

ఇంతకీ అది మూఢనమ్మకమేనా అంటే, అవునో కాదో నాకిప్పటికీ తెలియదు. సముద్రానికి వెళ్ళిన మనిషి తిరిగొస్తాడో రాడో తెలియని ఇళ్ళల్లో, అతని వెనకనుంచి వెయ్యకూడని ప్రశ్నలు కొన్ని ఉంటే ఉండనియ్యండి. కొనేవాడి నమ్మకాన్ని తిట్టి సరుకమ్మినవాణ్ణి నేను చూడలేదు. అలాగని వాళ్ళడిగిన ప్రతిదానికీ తలూపలేదు. ఇదే సందులో సంఘం పెద్ద ఒకాయన, "ఎలాగూ మాటొచ్చింది కాబట్టి, కొంచెం పెద్దయిన ఆడగుంటల్ని బడికి పంపం, రొయ్యలొలవడానికి షెడ్డుకి పంపుతాం" అన్నాడు. దానికి బేరం లేదన్నాను. నూకరత్నం నాకంటే గట్టిగా అంది. ఏది దిగొచ్చే ధరో, ఏది కాదో తెలియకపోతే ఈ ఉద్యోగంలోకి రాకండి.

దారి చూపించింది కూడా నూకరత్నమే. "మీ కాకిని అడగొద్దన్లేదండి మాం. ఎల్లేవోడిని అడగొద్దన్నాం. వచ్చేవోడిని అడగమనండి."

"ఏమని?"

"ఏటి తెచ్చావ్ అని. బోటొత్తే మా గుంటలు అడిగేది అదే కదా."

ఎక్కడికి అన్న ప్రశ్నకి పిల్ల ఒక ఊరి పేరు చెప్పి ఊరుకుంటుంది. ఏం తెచ్చావ్ అంటే చెయ్యి చాపాలి, గుప్పిట విప్పాలి, అదేమిటో చెప్పాలి. మా కార్యక్రమం చెయ్యాలనుకుని చెయ్యలేకపోతున్నది ఇదే కదా అనిపించింది.

ప్రభాకరంగారి తూకంలోంచి ఒక్క పలుకు మాత్రం తీశాను. కొసరు కలిపాను. స్కూళ్ళకి చూపించడానికి నా సంచిలో కాకయ్య బొమ్మ ఇంకొకటి ఉండేది. అప్పారావు దగ్గర పెళ్ళి కెమెరా ఉంది. అతను బస్సుని రోజూ రికార్డు చేసి, మర్నాడు పొద్దున బోట్లు తిరిగొచ్చే వేళకి వేస్తాడు. మొదట్లో ఆ రాగం వచ్చే ముక్క తీసేస్తాడు. చివర్లో మన ముక్క అతికిస్తాడు. బదులుగా ఏం కావాలన్నాను.

"మా పాప పుట్టినరోజుకి కాకి సొయంగా రావాల" అన్నాడు. వచ్చింది. లడ్డు కూడా తింది, అంటే నేను తిన్నాను.

అలా నా కుడిచెయ్యి కెమెరా ముందుకి వెళ్ళింది. జెట్టీ మీద కాకయ్య నిలబడి, "ఏటి తెచ్చావ్? ఏటి తెచ్చావ్?" అంటాడు. ఒకడు పీత డొప్ప తెచ్చాడు. ఒకతె వల బెండు తెచ్చి, ఇది నీళ్ళలో ఎందుకు మునగదు అని కాకయ్యనే ఎదురడిగింది. నాకు తెలియక రెక్కలు ఆడించాను. ఏ దేశపు ఓడలోంచి పడిందో, మాలో ఎవరికీ చదవరాని అక్షరాలున్న సీసా ఒకటొచ్చింది. ఆ అక్షరాలు ఎడమ నుంచి చదవాలా కుడి నుంచి చదవాలా అని పిల్లలు వారం రోజులు కొట్టుకున్నారు. అప్పారావుకి పెళ్ళి వీడియోల చెయ్యి కదా, తెర మీద గుండె ఆకారం విచ్చుకుని అందులోంచి పీత వచ్చేది. నేనేమీ అనలేదు. పిల్లలకి అదే ఎక్కువ నచ్చింది.

టీవీ మీద దుప్పటి పోయింది. సాయంత్రం బోట్లు కదిలే వేళ మాత్రం కప్పేవారు. ఆ వేళలో నూకరత్నం కథలు చెప్పేది.

ఆఫీసరు వచ్చిన రోజు

ప్రభాకరంగారూ, కంపెనీ ఆఫీసరూ పొద్దున్నే దిగారు. గదికి పిల్లలు అప్పటికే ఒక కట్టుబాటు పెట్టుకున్నారు: ఏదీ తేనిదే ఎవరూ గడప దాటకూడదు. నాకది తెలియదు. తెలిస్తే ఆపేదాన్ని, ఆపి ఉంటే అంతా పాడయ్యేది.

గడపలో పోలయ్య చిన్నకూతురు, చేతికి కాకయ్య. ఆఫీసరు కాలెత్తగానే, "ఏటి తెచ్చావ్?" అంది.

ఆయన నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను. గది ఉండటమూ పోవడమూ ఆ మనిషి చేతిలో ఉంది, ఆ మనిషిని బయట నిలబెట్టారు.

"నేనా? నేనేం తేలేదమ్మా" అన్నాడు.

"జేబులో సూసుకో" అంది కాకయ్య.

ఆయన నిజంగానే జేబులు తడుముకున్నాడు. పెన్నుల పక్కన చిన్న స్క్రూడ్రైవరుంది. ఆయన ఆ కంపెనీ ప్లాంటులో పనిచేసే ఇంజనీరు. "ఇది తెచ్చాను. దీని కొనకి అయస్కాంతం గుణం ఉంది" అన్నాడు. "అంటే?" అన్నారు వెనకనుంచి. ఆయన చూపించాలనుకున్నాడు. గాలానికి పెడితే అంటుకుంది. పీత డొప్పకి అంటుకోలేదు. ఒకడు రాగి తీగ తెచ్చాడు, అంటుకోకపోయేసరికి పందెం ఓడిపోయాడు. పోలయ్య కూతురు పరుగెత్తుకుపోయి గుప్పెడు ఇసుక తెచ్చింది. అందులోని నల్ల రేణువులు కొన్ని కొనకి మీసంలా అంటుకున్నాయి. ఆఫీసరు అది ఊహించలేదు. ప్యాంటు మాస్తుందని చూడకుండా కింద కూర్చున్నాడు. "ఇది ఎక్కడి ఇసుకమ్మా, చూపించు" అన్నాడు.

ప్రభాకరంగారు గోడకానుకుని చూస్తున్నారు. నా దగ్గరికొచ్చి, "మన కాకి 'ఏటి' అంటోందేమిటి?" అన్నారు.

"విశాఖపట్నం కాకండి."

ఆయన నవ్వలేదు. పిల్లల్నే చూస్తున్నారు.

ఆఫీసరు లేచేటప్పుడు చేతులు దులుపుకుంటూ, "టీవీ ఇక్కడే ఉండనివ్వండి" అన్నాడు. ఆ రోజు పిల్లలు టీవీ చూశారో లేదో అడగడం మర్చిపోయాడు. నూకరత్నం లోపలికెళ్ళి గోడవైపు తిరిగి కొంగుతో మొహం తుడుచుకుంది. ఆ తర్వాత బయటికొచ్చి, "టీ తాగుతారేటండి?" అంది.

వాళ్ళు కారెక్కబోతుంటే సాయంత్రం కావస్తోంది. పోలయ్య ఐసు తట్టతో ఎదురొచ్చాడు. ప్రభాకరంగారికి మనుషులంటే ఇష్టం. చెయ్యెత్తి, నోరు తెరిచారు. అలాగే ఆగారు. తెరిచిన నోరు మూసుకుని, రెండడుగులు పక్కకి జరిగి, దారిచ్చారు. పోలయ్య ఆయన ముందునుంచి, తల తిప్పకుండా, జెట్టీ వైపు వెళ్ళిపోయాడు.

ప్రభాకరంగారు తర్వాత తీసిన కార్యక్రమాల్లో బస్సు ఎక్కేవాళ్ళని ఎక్కడికని అడగడం మానేసింది. దిగేటప్పుడు కాకయ్య మెడ బయటికి పెట్టి, "ఏం తెచ్చారు? ఏం తెచ్చారు?" అనేవాడు. ఎందుకు మార్చారో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. బేరం కుదిరాక నోరు మూసుకోవాలని నాన్న నేర్పాడు. అది మాత్రం మర్చిపోలేదు.

మొన్న

రిటైరయ్యాక ఒకరోజు పొద్దున్న సింహాచలం వెళ్ళి, దర్శనం చేసుకుని, అటునుంచి హార్బరుకి పోయాను. ఆ టీవీ ఎప్పుడో పాడైంది. గది ఉంది. సంఘం వాళ్ళు వలలకి వేరే షెడ్డు వేసుకున్నారు. నూకరత్నం తలలో తెల్ల వెంట్రుకలు. గడప దాటబోతే, నేనెవరో తెలియని ఒక చిన్నది చెయ్యడ్డం పెట్టింది.

"ఏటి తెచ్చావ్?"

"నేను ఊరికే చూసిపోదామని వచ్చానమ్మా."

"అయితే బయటినించి సూడు."

"ఇదుగో, ఈ మాట మొదట అనిపించిందే నేను."

"అయితే నీకు తెలియాల కదా."

నా జన్మలో ఇంత శుభ్రంగా బేరం ఓడిపోలేదు. వెనకాల నూకరత్నం కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వుతోంది. నన్ను ఆదుకునే ఉద్దేశం ఆమెకేమీ లేదు. సంచంతా వెతికి చివరికి నా చదువుకునే కళ్ళద్దాలిచ్చాను. ఆ చిన్నది వాటిని పెట్టుకోలేదు. తన వేలు మీద పట్టుకుని, వంగి, ముందుకీ వెనక్కీ జరిపి చూసింది.

"ఓలమ్మో! నూకరత్తమ్మా, ఏలు మీద వలుంది!"

గదిలో పిల్లలంతా లేచారు. అందరి వేళ్ళ మీదా వలలే. ఒకడి వల గుండ్రంగా ఉందట, ఇంకొకతెది సుడి తిరిగిందట, రెండూ ఒకేలా ఎందుకు లేవట. ఆ ఎందుకు అన్నది సాయంత్రం దాకా నడిచింది. నా చేతులూ చూశారు. ముసలి వల, చినిగిపోయింది అని తేల్చారు.

వచ్చేస్తుంటే నూకరత్నం గేటు దాకా వచ్చింది. అద్దాలు తిరిగి ఇచ్చింది. ఎక్కడికని అడగలేదు. "ఎల్లి రండి" అంది.

బస్సు ఖాళీగానే ఉంది. కండక్టరు కొత్తకుర్రాడు, టిక్కెట్ల మిషను పట్టుకుని నా వైపు వస్తున్నాడు. వాడు నోరు తెరవకముందే, బస్సంతా వినిపించేలా, మా స్టాపు పేరు చెప్పి చెయ్యి చాపాను.